ఆరక్షరాల పేర్లు: పాత ప్రోగ్రాముల తరలింపులో నేర్చిన పాఠం

మన జీతపు చీటీ మీద అచ్చయ్యే పేరును ఎప్పుడైనా నిదానించి చూచారా? పొడుగాటి పేరు గల మిత్రులు తప్పక చూచి ఉంటారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా విభాగంలో ఒక పెద్దాయన ఉండేవారు. ఇంటిపేరు, తాతగారి పేరు, ఇలవేల్పు పేరు కలిపి తల్లిదండ్రులు ఆయనకు నిండైన నామధేయం పెట్టారు. జీతపు చీటీలో మాత్రం పేరుకు కేటాయించిన గళ్ళు ఇరవై. ఆయన పేరు పూర్తి కాకముందే గళ్ళు పూర్తయ్యేవి. చివరనున్న 'సత్యనారాయణ' కాస్తా 'సత్యనారా' దగ్గర తెగిపోయేది. ఒకసారి ఆయన శ్రీమతి ఆ చీటీని జతపరచి ఏదో దరఖాస్తు పెట్టుకుంటే, "ఈ సత్యనారా ఎవరమ్మా?" అని కౌంటరులో అడిగారట. ఈ సంగతి చెప్పి ఆయన మమ్మల్ని నవ్వించేవారు గాని, ఆ ఒక్క ప్రశ్నకు సమాధానం చెప్పడానికి ఆ తల్లి మూడుసార్లు ఆ కార్యాలయం మెట్లెక్కవలసి వచ్చింది.

మనుషుల పేర్లు తెగిపోతే అందరికీ కనిపిస్తుంది. కంప్యూటరు ప్రోగ్రాముల లోపల కూడా పేర్లుంటాయి. అవీ ఇలాగే తెగిపోయిన కాలం ఒకటుంది. అవి ఎవరికీ కనిపించవు. అయితే మన జీతాలు, మన యంత్రాల రూపకల్పన, మన గిడ్డంగుల లెక్కలు వాటి మీదనే నడిచాయి. ఆ పాత ప్రోగ్రాములను కొత్త యంత్రాల మీదికి, కొత్త భాషలలోకి తరలించవలసి వచ్చినప్పుడు ఈ తెగిన పేర్లు ఎటువంటి చిక్కులు తెచ్చిపెడతాయో, వాటిని ఎలా విప్పుకోవాలో నా అనుభవంలో నుండి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. కంప్యూటరుతో పరిచయం లేని కుటుంబ సభ్యులకు సైతం అర్థం కావాలని ప్రయత్నించాను.

చలరాశి అంటే ఏమిటి?

వంటింటి అలమరలో వరసగా పేర్చిన డబ్బాలను ఊహించుకోండి. ఒక్కొక్క డబ్బా మీద ఒక చీటీ అంటించి ఉంటుంది. లోపలి సరుకు మారుతూ ఉంటుంది, తరుగుతుంది, మళ్ళీ నిండుతుంది. చీటీ మాత్రం మారదు. ప్రోగ్రాములో చలరాశి అటువంటి డబ్బా. దాని మీద ప్రోగ్రాము రచయిత వ్రాసిన చీటీయే దాని పేరు.

ఇప్పుడు ఆ చీటీల మీద ఒకే ఒక్క అక్షరం వ్రాయడానికి వీలుందనుకుందాం. 'మి' అని ఉంది. మిరియాలా? మినుములా? మిరపపొడా? ఇంటి ఇల్లాలికి సందేహం లేదు. చీటీ చూడకుండానే చేయి సరైన డబ్బా మీదికే పోతుంది. ఆమె ఊరికి వెళ్ళిన నాడు వంటింట్లోకి వచ్చినవారి అవస్థ వేరు. మినుములు, మిరియాలు మూత తీస్తే తెలిసిపోతాయి. కంప్యూటరు డబ్బాలో మూత తీసినా కనిపించేది ఒక అంకె మాత్రమే. 40 అన్న అంకె డిగ్రీలో, సెకనులో, రూపాయలో చూపును బట్టి చెప్పలేము. అందుచేత ప్రోగ్రాములో చీటీకి ఉన్న విలువ వంటింట్లో కంటె ఎక్కువ.

ఆరు అన్న సంఖ్య ఎక్కడిది?

శాస్త్ర సాంకేతిక గణనలకు తొలినాళ్ళలో రాజ్యమేలిన భాష ఫోర్ట్రాన్. జాన్ బాకస్ నాయకత్వాన ఐబీఎం సంస్థ బృందం దీనిని తయారు చేసి, 1957లో వినియోగదారుల చేతికి అందించింది. అందులో చలరాశి పేరు ఆరు అక్షరాలకు మించరాదు. ఈ ఆరు ఎవరో ముచ్చటపడి పెట్టిన సంఖ్య కాదు. ఆ భాషను మొదట నడిపిన ఐబీఎం 704 యంత్రంలో ఒక పదం అంటే 36 బిట్లు. ఒక్కొక్క అక్షరానికి 6 బిట్లు. ముప్ఫై ఆరును ఆరుతో భాగిస్తే ఆరు. పేరు మొత్తం యంత్రపు ఒకే పదంలో ఇమిడితే, రెండు పేర్లు ఒకటేనా కాదా అని ఒక్క పోలికతో తేల్చవచ్చు. జ్ఞాపకశక్తి బంగారమంత ప్రియంగా ఉన్న రోజులలో అది గొప్ప సదుపాయం.

అదే 36 బిట్ల పదం మరొక హద్దునూ ప్రసాదించింది. చిల్లుల కార్డులో 80 నిలువు వరసలున్నప్పటికీ, ఆ యంత్రపు కార్డు రీడరు కార్డులోని ఒక్కొక్క అడ్డు వరసను రెండు పదాలుగా, అనగా 72 బిట్లుగా చదివేది. కనుక ఫోర్ట్రాన్ వాక్యం 72వ నిలువు వరస దాటరాదన్న నియమం ఏర్పడింది. ఈ 72 గురించి ముందు ముందు మళ్ళీ ప్రస్తావించవలసి వస్తుంది.

యంత్రం మారినా సంఖ్య మారలేదు. 1966లో వెలువడిన మొదటి అమెరికా ప్రమాణంలోనూ, ఫోర్ట్రాన్ 77లోనూ ఆరు అక్షరాలే. డిజిటల్ ఈక్విప్‌మెంట్ సంస్థ వారి పీడీపీ-11 యంత్రంలో పదం 16 బిట్లే. అయినా వారు ఆరింటిని యుక్తిగా ఇమిడ్చారు. 26 అక్షరాలు, 10 అంకెలు, ఖాళీ, మరికొన్ని గుర్తులు కలిపి 40 సంకేతాలు చాలునన్నారు. నలభైని మూడుసార్లు హెచ్చవేస్తే 64,000. పదహారు బిట్లలో 65,536 సంఖ్యలు పడతాయి. అంటే ఒక పదంలో మూడక్షరాలు, రెండు పదాలలో ఆరు.

ఇతర భాషలకు ఇతర హద్దులు. 1960లో రూపుదిద్దుకున్న కోబాల్ వ్యాపార గణనల భాష గనుక ఉదారంగా 30 అక్షరాలిచ్చింది. సి భాష 1989 ప్రమాణంలో ఒక ఫైలు లోపలి పేర్లకు 31 అక్షరాలు లెక్కలోకి వచ్చినా, ఫైళ్ళ మధ్య పంచుకొనే పేర్లకు మొదటి ఆరు అక్షరాలకే హామీ ఉండేది. వేర్వేరు ఫైళ్ళను జోడించే లింకరు కార్యక్రమాలు పాతవి కావడమే అందుకు కారణం. అన్నిటికంటె పిసినారి తొలి సూక్ష్మ కంప్యూటర్ల మైక్రోసాఫ్ట్ బేసిక్. పేరు ఎంత పొడుగు వ్రాసినా అది మొదటి రెండక్షరాలనే గుర్తించేది. ఆంగ్లంలో జీతానికి 'శాలరీ', పొదుపుకు 'సేవింగ్స్' అంటాము. రెంటికీ మొదటి రెండక్షరాలు ఎస్, ఏ. కాబట్టి ఆ యంత్రం దృష్టిలో జీతమూ, పొదుపూ ఒకటే! నెలాఖరులో మన ఇళ్ళలో పరిస్థితి అందుకు భిన్నమని ఎవరూ అపోహపడరు.

పొట్టి పేర్లతో కాపురం

మన దేశంలో ఫోర్ట్రాన్ చదువు 1960లలో వేళ్ళూనింది. కాన్పూరు ఐఐటీలో 1963లో ఐబీఎం 1620, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో 1964లో సీడీసీ 3600 నెలకొన్నాయి. 1967లో హైదరాబాదులో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ తన టీడీసీ శ్రేణి కంప్యూటర్లను రూపొందించింది. కార్డుల కట్టలు చంకన పెట్టుకుని కంప్యూటరు కేంద్రాల ముందు వరసలో నిలబడిన ఆ తరం ఇంజనీర్లే ప్రభుత్వరంగ సంస్థల రూపకల్పన విభాగాలకు పునాదులు వేశారు. వారు వ్రాసిన ప్రోగ్రాములు వారు పదవీ విరమణ చేసిన తరువాత కూడా పనిచేస్తూ వచ్చాయి.

ఆరక్షరాలలో అర్థం ఇమడ్చడానికి వారు కొన్ని ఉపాయాలు అవలంబించారు. ఆంగ్ల పదంలో అచ్చులను తీసివేసి హల్లులను మిగల్చడం ఒకటి. మొదటి అక్షరంతో రకాన్ని సూచించడం మరొకటి. ఫోర్ట్రాన్‌లో దీనికి ఒక నియమమే ఉంది. వేరుగా ప్రకటించనంత వరకు, ఐ నుండి ఎన్ వరకు గల ఆరు అక్షరాలలో దేనితోనైనా మొదలయ్యే పేరు పూర్ణాంకాన్ని, మిగతావి దశాంశ సంఖ్యను సూచిస్తాయి.

క్రమశిక్షణ ఉంటే ఆరక్షరాలు చాలునని నిరూపించిన ఉదాహరణలూ లేకపోలేదు. 1992లో వెలువడిన లాపాక్ అనే గణిత ఉపకార్యక్రమాల సంపుటిలో 'డి-జి-ఇ-టి-ఆర్-ఎఫ్' అని ఒక పేరుంది. మొదటి 'డి' అంటే సంఖ్యలు రెట్టింపు సూక్ష్మత గలవి. తరువాతి 'జి-ఇ' అంటే మాత్రిక సాధారణమైనది. చివరి మూడు అంటే త్రిభుజ మాత్రికలుగా విడగొట్టే పని. సంపుటి అంతటా ఇదే సూత్రం. అది ప్రపంచమంతటా నేటికీ వాడుకలో ఉన్నది. అంటే లోపం పొట్టితనంలో లేదు. సూత్రం ఎక్కడైనా వ్రాసి ఉన్నదా, లేక వ్రాసినవారి మనస్సులోనే ఉండిపోయిందా అన్నదే ప్రశ్న.

తరలింపులో పొంచి ఉండే ప్రమాదాలు

కొత్త భాషలు హద్దులను సడలించాయి. ఫోర్ట్రాన్ 90 పేరుకు 31 అక్షరాలను, ఫోర్ట్రాన్ 2003 ప్రమాణం 63 అక్షరాలను అనుమతించాయి. ఇక పేర్లన్నీ పొడిగించి హాయిగా ఉండవచ్చునని అనుకోవడం సహజం. పేరు మార్చినంత మాత్రాన ఫలితం మారుతుందా అని యువ ఇంజనీర్లు అడుగుతారు. మారుతుంది. ఎలాగో చూద్దాం.

మొదటిది, రెండు పేర్లు ఒకటైపోవడం. ధారాళమైన హద్దు గల యంత్రం నుండి ఇరుకైన హద్దు గల యంత్రానికి వెళ్ళేటప్పుడు ఇది జరుగుతుంది. మొదటి ఆరు అక్షరాలు సమానమై ఏడవ అక్షరంలో మాత్రమే భేదమున్న రెండు రాశులు కలిసిపోయి, ఒకదాని విలువను మరొకటి చెరిపివేస్తుంది. కొన్ని కంపైలర్లు హెచ్చరిస్తాయి. కొన్ని మౌనంగా కత్తిరిస్తాయి. మౌనంగా కత్తిరించేవే ప్రమాదకరం.

రెండవది దీనికి విపర్యయం. ఒకే పేరు రెండైపోవడం. ఇది అరుదుగా చర్చకు వస్తుంది గనుక ఒక వాస్తవ సంఘటన చెబుతాను. ఏ యూనిట్‌లో జరిగినదన్నది అప్రస్తుతం. డీబేస్ కుటుంబానికి చెందిన భాషలో వ్రాసిన జీతాల ప్రోగ్రాము ఒకటి ఏళ్ళ తరబడి నడుస్తోంది. ఆ భాషలో పేరులోని మొదటి పది అక్షరాలకే లెక్క. మిగిలినవి వ్రాసినా వ్రాయకపోయినా ఒకటే. కరవు భత్యం బకాయిల మొత్తానికి ఒక రచయిత 'ఎరియర్స్_డిఏ_టోటల్' అని, తరువాత వచ్చిన మరొకరు 'ఎరియర్స్_డిఏ_టాట్' అని పేరు పెట్టారు. ఆంగ్లాక్షరాలలో 'ఎరియర్స్'కు ఏడు, అడుగుగీతకు ఒకటి, 'డిఏ'కు రెండు, వెరసి పది. అంటే రెండు పేర్లూ ఒకే డబ్బా. ప్రోగ్రాము మొదట్లో రెండవ పేరుతో దానిలో సున్న ఉంచారు. నడుమ మొదటి పేరుతో బకాయి లెక్కకట్టి నింపారు. చివర రెండవ పేరుతో తీసి అచ్చువేశారు. ఏ ఆటంకమూ లేకుండా పని జరిగిపోయింది.

ఆ ప్రోగ్రామును పూర్తి పేరును గుర్తించే కొత్త భాషలోకి మార్చారు. అంతే, ఒక డబ్బా రెండు డబ్బాలయింది. లెక్కకట్టిన బకాయి ఒకదానిలో పడింది. అచ్చయ్యేది మొదట ఉంచిన సున్న ఉన్న రెండవ డబ్బా. ఎక్కడా దోష సందేశం రాలేదు. ప్రోగ్రాము చక్కగా నడిచి, వందలాది ఉద్యోగుల పేర్ల ఎదుట బకాయి సున్న అని చూపింది. అదృష్టవశాత్తు అది ప్రయోగాత్మకంగా పాత, కొత్త ప్రోగ్రాములను పక్కపక్కన నడుపుతున్న నెల. పద్దుల విభాగంలోని ఒక గుమాస్తా రెండు పట్టికల అడుగు మొత్తాలను పోల్చి చూచి తేడా పట్టుకున్నారు. ఆయన కంప్యూటరు నిపుణుడు కాడు. అడుగు మొత్తం సరిచూడకుండా సంతకం చేయని పాత అలవాటు గల మనిషి. పండుగ ముందు రావలసిన బకాయి ఆ అలవాటు వల్లనే అందరి చేతికీ అందింది.

మూడవది, పేరుతోపాటు గుణం మారడం. నాళికల సంఖ్యకు 'ఎన్'తో మొదలయ్యే పేరుంది. అది పూర్ణాంకం. దానిని స్పష్టంగా ఉండాలని 'ట్యూబ్ కౌంట్' అన్న అర్థం వచ్చేలా మార్చి, రకం ప్రకటించడం మరచిపోయామనుకోండి. కొత్త పేరు 'టి'తో మొదలవుతుంది గనుక అది దశాంశ సంఖ్య అయిపోతుంది. ఏడు నాళికలను రెండు వరసలతో భాగిస్తే పాత ప్రోగ్రాములో 3 వచ్చేది, శేషాన్ని వేరుగా చూసుకునేవారు. ఇప్పుడు మూడున్నర వస్తుంది. మూడున్నర నాళికలను ఏ వెల్డరూ అతకలేడు.

నాలుగవది 72వ నిలువు వరస. పొట్టి పేరు స్థానంలో పొడుగు పేరు చేరిస్తే వాక్యం పొడుగై పాత రూపంలోని ఫైలులో 72వ వరస దాటిపోతుంది. దాటిన భాగాన్ని కంపైలరు చూడదు. తెగిన చోట వాక్యం వ్యాకరణరీత్యా పూర్తిగా ఉంటే హెచ్చరికా ఉండకపోవచ్చు. నాలుగు నష్టాలను కూడవలసిన సమీకరణం మూడింటినే కూడి ఊరుకుంటుంది.

ఇవి గాక కోబాల్ వారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి. అక్కడ పేరు మధ్యలో అడ్డగీత వ్రాయడం ఆచారం. 'నెట్-పే' అంటే నికర వేతనం. అదే పేరును యథాతథంగా మరొక భాషలోకి తెస్తే, 'నెట్' నుండి 'పే'ను తీసివేయుమని అర్థం.

డి-టి అనే రెండక్షరాల కథ

యంత్రం వల్ల వచ్చే ప్రమాదాలను యంత్రం సాయంతో పట్టుకోవచ్చు. మనిషి వల్ల వచ్చేది ఒకటుంది. అది నా స్వానుభవం.

1990ల తొలి సంవత్సరాలలో, ఉద్యోగానికి కొత్తగా వచ్చిన నాకు, బాయిలరును చల్లని స్థితి నుండి వేడెక్కించేటప్పుడు మందపాటి డ్రమ్ము గోడలో ఉష్ణోగ్రతలు ఎలా మారతాయో గణించే ఫోర్ట్రాన్ ప్రోగ్రామును కొత్త యంత్రానికి తరలించే పని అప్పగించారు. అందులో 'డి-టి-ఎమ్-ఏ-ఎక్స్' అని ఒక పేరుంది. దాని విలువ 40. చివరి మూడక్షరాలు గరిష్ఠాన్ని సూచిస్తాయనడంలో సందేహం లేదు. 'డి-టి' అంటే ఏమిటి? గణిత పద్ధతులు కొత్తగా చదువుకుని వచ్చిన నాకు 'టి' అంటే కాలం. గణన ఒక్కొక్క అడుగులో ఎన్ని సెకన్లు ముందుకు సాగవచ్చునో చెప్పే హద్దు అయి ఉంటుందని తలచి, పట్టికలో 'గరిష్ఠ కాలాంతరం' అని వ్రాసి, దానికి తగిన పొడుగాటి పేరు నిర్ణయించాను. ప్రోగ్రాము నడిపాను. ఫలితాలు పాతవాటితో సరిపోయాయి. సరిపోక ఏమవుతాయి? పేరు ఏదైనా విలువ 40 గదా!

నా పట్టికను పరిశీలించిన సీనియరు ఇంజనీరు మూడు నెలలలో పదవీ విరమణ చేయబోతున్నారు. ఆ ప్రోగ్రాము మొదటి రూపాన్ని వ్రాసిన వారిలో ఆయన ఒకరు. ఆ వరస దగ్గర వేలు పెట్టి, "ఏమోయ్, ఇది నీకెవరు చెప్పారు?" అన్నారు.

"ఎవరూ చెప్పలేదు సార్, నేనే ఊహించాను" అన్నాను.

ఆయన బీరువాలో నుండి అట్టలు ఊడిన ఒక నోటుపుస్తకం తీశారు. ఆ రాశి కాలానికి సంబంధించినది కాదు. డ్రమ్ము గోడ లోపలి, వెలుపలి ఉష్ణోగ్రతల మధ్య అనుమతించదగిన గరిష్ఠ భేదం. నలభై సెకన్లు కాదు, నలభై డిగ్రీలు. విచిత్రమేమంటే మరొక ఉపకార్యక్రమంలో 'డి-టి' అన్నది నిజంగానే కాలాంతరం. ఒకే ప్రోగ్రాములో ఒకే రెండక్షరాలు ఇద్దరు రచయితల చేతిలో రెండు అర్థాలు ధరించాయి.

నా పొరపాటు వలన ఆ రోజు ఏ లెక్కా చెడలేదు. చెడేది తరువాత. నా తరువాత వచ్చే ఇంజనీరు గణన వేగంగా సాగాలని, 'గరిష్ఠ కాలాంతరం' అని స్పష్టంగా వ్రాసి ఉన్న పేరును నమ్మి నలభైని అరవై చేస్తే, అతనికి తెలియకుండానే డ్రమ్ము గోడ మీద అనుమతించే ఉష్ణోగ్రతా భేదం ఒకటిన్నర రెట్లవుతుంది. మందపాటి గోడలో లోపలి పొర వేడెక్కి సాగబోతుంటే వెలుపలి పొర చల్లగా ఉండి అడ్డగిస్తుంది. ఆ పెనుగులాటయే ఉష్ణ ప్రతిబలం. బాయిలరును ఆపి మళ్ళీ వేడెక్కించిన ప్రతిసారీ అది పునరావృతమై, ఏళ్ళు గడిచాక లోహంలో పగులుగా బయటపడుతుంది. డ్రమ్ము చెంత నిలబడి పనిచేసేది మన తోటివారే.

ఆ రోజు నేను గ్రహించినది ఇది. అర్థం కాని పొట్టి పేరు మనిషిని ఆపి, "తెలిసినవారిని అడుగు" అంటుంది. తప్పుగా పొడిగించిన పేరు, "అడగనక్కరలేదు" అంటుంది. మొదటిది అజ్ఞానం, రెండవది అజ్ఞానానికి తొడిగిన ఆత్మవిశ్వాసం. పేర్ల తరలింపులో మనం అక్షరాలు చేర్చడం లేదు. తెగిపోయిన అర్థాన్ని తిరిగి అతుకుతున్నాము. అది ఊహకు అప్పగించవలసిన పని కాదు.

ఆచరణీయమైన పద్ధతి

ఆ అనుభవం తరువాత నేను పాల్గొన్న ప్రతి తరలింపులోనూ మేము ఒక క్రమాన్ని పాటిస్తూ వచ్చాము.

ముందుగా పాత ప్రోగ్రామును పాత యంత్రం మీదనే వివిధ దత్తాంశాలతో నడిపి ఫలితాలను భద్రపరచాలి. యంత్రాన్ని తీసివేసిన తరువాత ఆ అవకాశం తిరిగి రాదు.

రెండవ మెట్టు, కంపైలరు ఇచ్చే పరస్పర సూచిక సాయంతో ప్రోగ్రాములోని పేర్లన్నిటినీ పట్టికగా వ్రాయాలి. పేరు, రకం, ప్రమాణం, వాడిన చోట్లు, అర్థం, ఆ అర్థం ఎవరు చెప్పారు అని గళ్ళుండాలి. చివరి గడి ముఖ్యమైనది. ఎవరూ చెప్పకపోతే 'తెలియదు' అని వ్రాసి పాత పేరునే ఉంచాలి.

మూడవ మెట్టు, పేర్లను పాత హద్దు దగ్గర, కొత్త హద్దు దగ్గర కత్తిరించి అకారాదిగా పేర్చి చూడాలి. జంటలుగా కనిపించిన ప్రతి పేరునూ విచారించాలి. ఒకటయ్యేవీ, రెండయ్యేవీ ఇక్కడే దొరికిపోతాయి.

నాలుగవ మెట్టు, 'కామన్' అనే ఉమ్మడి నిల్వను జాగ్రత్తగా చూడాలి. అందులో ఉపకార్యక్రమాలు రాశులను పేరును బట్టి గాక వరుస క్రమాన్ని బట్టి గుర్తుపడతాయి. ఒకచోట మూడవ స్థానంలో ఉన్న రాశికి ఒక పేరు, మరొకచోట అదే స్థానానికి వేరొక పేరు ఉండవచ్చు. ఇంట్లో ఒకరే వ్యక్తిని ఒకరు అత్తయ్య అని, మరొకరు పిన్ని అని పిలిచినట్లు. పేర్లు మార్చేటప్పుడు మనిషి ఒకరేనన్న సంగతి మరువరాదు.

ఐదవ మెట్టు, అప్రకటిత రాశులను నిషేధించే 'ఇంప్లిసిట్ నన్' ఆజ్ఞను ప్రతి ఉపకార్యక్రమంలోనూ చేర్చి, ప్రతి రాశి రకాన్నీ ప్రకటించాలి. ఆ తరువాతనే పేర్లు మార్చాలి. మార్చేటప్పుడు పూర్తి పదాన్ని మాత్రమే మార్చాలి. లేకపోతే 'ఆర్' అనే ఒంటి అక్షరపు రాశిని మార్చబోయి, 'ఆర్' ఉన్న పదాలన్నిటినీ ఛిద్రం చేస్తాము.

చివరిగా, కొన్ని కొన్ని పేర్లు మార్చుతూ, ప్రతిసారీ భద్రపరచిన ఫలితాలతో పోల్చాలి. దశాంశ గణనలో చివరి అంకెలలో స్వల్ప భేదం యంత్రపు పద పరిమాణం మార్పు వలన రావచ్చు. అది ఎంతవరకు అనుమతమో ముందే వ్రాసుకోవాలి. కాని ఒకే యంత్రం మీద పేరు మాత్రమే మార్చినప్పుడు ఫలితం మారితే, దాన్ని స్వల్పమని వదలిపెట్టరాదు.

హద్దులు ఇంకా ఉన్నాయి

ఇదంతా పాత కథ అనుకోవద్దు. 2000 సంవత్సరపు సమస్య ఈ కోవకు చెందినదే. ఏడాదికి నాలుగు అంకెల బదులు రెండు చాలునన్న పొదుపును సరిదిద్దడానికి 1990ల చివర ప్రపంచమంతా శ్రమించింది. ఆ పని మీద మన తెలుగు యువకులు ఎందరో సముద్రాలు దాటారు. ఒరాకిల్ దత్తాంశ నిధిలో పట్టికల, నిలువు వరసల పేర్లకు 12.2 రూపం వచ్చేదాకా 30 బైట్లే హద్దు. ఆ తరువాత 128 అయింది.

ఇక్కడ బైటు అన్న మాటను గమనించాలి. యూనికోడు దత్తాంశాలను విరివిగా నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి సంకేతానికీ మూడు బైట్లు కావాలి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న సైతం విడివిడి సంకేతాలే. 'వెంకటేశ్వర్లు' అన్న పేరు మన కంటికి వెం, క, టే, శ్వ, ర్లు అని ఐదక్షరాలు. సంకేతాలు పదమూడు, బైట్లు ముప్ఫై తొమ్మిది. ఉద్యోగి పేరుకు ఆంగ్లాన్ని దృష్టిలో ఉంచుకుని ముప్ఫై బైట్ల గడి కేటాయించి, తరువాత తెలుగులో నింపబోతే ఆ పేరు పట్టదు. అప్పుడు ప్రోగ్రాము తిరస్కరించవచ్చు, లేదా కత్తిరించవచ్చు. అంటే మన సత్యనారాయణ గారి కథ మళ్ళీ మొదటికి వస్తుంది. ఈసారి మన సొంత లిపిలో!

సహోద్యోగులకు ఒక విన్నపం

నాకు ఆ నోటుపుస్తకం చూపిన పెద్దాయన మూడు నెలల తరువాత పదవీ విరమణ చేశారు. ఆ మూడు నెలలూ మధ్యాహ్న భోజనం అయ్యాక ఒక గంటసేపు ఆయన పక్కన కూర్చుని, పేర్ల పట్టికలో 'తెలియదు' అని వ్రాసి ఉన్న వరసలను ఒక్కొక్కటిగా అడిగి నింపుకున్నాను. అన్నీ నిండలేదు. కొన్ని ఆయనకూ గుర్తులేవు. ఆ వరసలలో పాత ఆరక్షరాల పేర్లను అలాగే ఉంచాము.

ఇప్పుడు నేను ఆయన వయస్సుకు దగ్గరవుతున్నాను. మన విభాగాలలో ఏళ్ళ తరబడి ప్రోగ్రాములను, గణన పట్టికలను నడిపిన అనుభవజ్ఞులు ఏటేటా విరమిస్తున్నారు. వీడ్కోలు సభలో పూలదండ వేయడం మన సంప్రదాయం. ఆ సభకు మూడు నెలల ముందే ఒక యువ ఇంజనీరును వారి పక్కన కూర్చోబెట్టి, ఒక నోటుపుస్తకం చేతికివ్వడం కూడా మన సంప్రదాయం కావాలని నా విన్నపం. యువ మిత్రులకు నేను చెప్పేది ఒక్కటే. మీకు అర్థం కాని పొట్టి పేరు కనబడితే పొడిగించడానికి తొందరపడవద్దు. ముందు అడగండి. అడగడానికి మనిషి ఉన్న రోజుననే అడగండి.